పదో ఆసామి

విజయనగరం,
24 ఆగస్టు 2025

అత్తా,

చెవిమిషను ఇంకా ఈల వేస్తన్నాదా? మొన్న ఫోన్లో "బాగున్నాను" అని నాలుగుసార్లు అరిచాను. నీకు వినపడలేదు గానీ మా వీధంతా విన్నాది. ఎదురింటాయన వచ్చి "బాగుంటే మంచిదే, కాస్త మెల్లిగా ఉండు బాబూ" అని చెప్పి వెళ్ళాడు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

తింటన్నాను. మా గదిలో వెంకీ వండుతాడు, నేను గిన్నెలు తోముతాను. వాడి వంట తిన్నదానికంటే ఆ గిన్నెలు తోమిందే ఎక్కువ గుర్తుంటాది.

"ఏటి ఉద్యోగంరా అది, పేరు పలకాలంటే నోరు తిరగట్లేదు" అన్నావు కదా. యూఎక్స్ డిజైన్ అంటారు. గంటస్తంభం దగ్గర సెల్ రిపేరు షాపులో ఏడాది చేశాను గుర్తుందా? అక్కడికొచ్చే ఫోన్లలో సగం పాడైనవి కావు. ఒకాయన ఫోను మోగట్లేదని పాలకొండ నుంచి బస్సెక్కి వచ్చాడు. చూస్తే సైలెంటులో ఉంది, అంతే. సరిచేసి ఇచ్చాను. "నాదే తప్పు నాయినా, సదువుకోలేదు" అన్నాడు. ఇంటర్ మధ్యలో మానేసినవాణ్ణి, నాకు మండింది. తప్పు ఆయనదేటి? ఆ మీట అక్కడ పెట్టినోడిది. ఏ మీట ఎక్కడ పెట్టాలో, దాని మీద ఏం రాయాలో మనుషుల్ని చూసి తేల్చే పని ఒకటుందని అప్పుడే తెలిసింది. వెంకీ లాప్‌టాప్‌లో ఫ్రీ పాఠాలు విని నేర్చుకున్నాను.

పదకొండు చోట్ల అడిగాను. అందరూ ముందు డిగ్రీ ఏటన్నారు. పన్నెండో చోట గౌతమి మేడమ్ ఒక్కావిడే "నీకేం చేతనవుతుందో చూపించు" అంది. రైల్వేస్టేషన్ దగ్గర మిఠాయి షాపు మేడ మీద చిన్న ఆఫీసు. చిన్న చిన్న ఆసుపత్రులకి ఫోన్లో ఓపీ చీటీ తీసుకునే ఏర్పాటు చేసి పెడతారు. ఫోన్లో కనపడే ఆ తెరలు గియ్యమంది. పదిమంది చేత వాడించి, ఏం జరిగిందో తెమ్మంది.

ఇక్కడే నువ్వు కావాలి. కవర్లో పది కాగితాలున్నాయి. ఒక్కో దాని మీద మూడు గళ్ళు గీశాను, ఒకదాంట్లో పేరూ ఆధారూ, ఒకదాంట్లో ఏ డాక్టరో, చివరిదాంట్లో నిర్ధారించు అనే మీట. అదే ఫోననుకో. సంతరోజు మన పచారీ కొట్టుకి వచ్చేవాళ్ళలో పదిమందికి తలో కాగితం ఇచ్చి "మీకు ఒంట్లో బాలేదు, డాక్టరు దగ్గర చీటీ తీసుకోవాలి, ఎక్కడ నొక్కుతారు?" అని అడుగు. వాళ్ళు వేలు పెట్టిన చోట గుర్తు పెట్టు. పదిమందీ ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళిపోతే నా పని బాగున్నట్టు.

నాన్నకి చెప్పకు. సిరిమాను పండగ లోగా ఉద్యోగం రాకపోతే వచ్చి గల్లా దగ్గర కూచుంటానన్నాను. ఉద్యోగం కాగితం లేకుండా ఆ గుమ్మం ఎక్కనని కూడా అన్నాను. రెండూ నా నోటితో నేనే అన్నాను. ఆయన తిరిగి తూకంలో పడ్డాడు, అదే బాధ.

నీ గిన్నెల మేనల్లుడు,
ధనరాజ్


శృంగవరపుకోట,
31 ఆగస్టు 2025

ఒరే ధనా,

నీ కవరు చవితి ముందురోజు వచ్చింది. పత్రి కొనేవాళ్ళు, పాలవెల్లి కొనేవాళ్ళు, కొట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆ గుంపులో పోస్టుమాన్ కవరు ఎత్తిపట్టి "ధనరాజ్ దగ్గర్నుంచి" అని అరిచాడట. నాకు వినపడలేదు, మీ నాన్నకి వినపడింది. "ఏటి రాశాడు?" అన్నాడు. క్షేమం అన్నాను. "అంత లావు క్షేమమా?" అన్నాడు. నేను మిషను తీసి పమిట కొంగుతో తుడవడం మొదలెట్టాను. ఈ చెవుడుకి ఆ ఒక్క సుఖం ఉంది.

సంతరోజు మీ నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు నీ పని పూర్తి చేశాను. పెన్సిలు ఇస్తే మనవాళ్ళు పట్టుకోరు. అందుకని కొనేవాళ్ళకి చూపడానికి పెట్టే పసుపు పళ్ళెంలో వేలు ముంచి పెట్టమన్నాను. గుర్తు బాగా పడింది. పదికి పదిమందీ ఆగకుండా చివరిదాకా వెళ్ళారు. ఆటో గోపి, చింతపండు లక్ష్మణమ్మ, కుట్టుపని ఝాన్సీ, సంగీతం చెప్పే త్రిపురసుందరి గారు, ఇంకా ఉన్నారు. "భలే గీశాడు మీవోడు" అని ఒకటే పొగడ్త. కాగితాలు ఇందులో పెట్టాను. మడత నలగకుండా అట్ట వేశాను.

ఒక చిక్కు వచ్చింది. నువ్వు బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరుతున్నావని లక్ష్మణమ్మ సంతంతా చెప్పింది. వాళ్ళ మనవరాలి పెళ్ళికి స్వాగతం బోర్డు నువ్వే రాయాలట, రెండు చిలకలు కూడా ఉండాలట. సరే అన్నాను. కాదంటే మళ్ళీ యూఎక్సంటే ఏటో నేను చెప్పాల్సొస్తుంది.

వేళకి తిను. గిన్నెల్లో ముందు నీళ్ళు పోసి నానబెట్టు, మాడింది దానంతట అదే వదులుతుంది.

దీవెనలతో,
సూర్యకాంతమత్త


విజయనగరం,
4 సెప్టెంబరు 2025

అత్తా, అత్తా, అత్తా!

పదికి పది! వెంకీకి చూపిస్తే నమ్మలేదు. లెక్కల్లో ముప్ఫై ఐదు దాటనోడికి ఇదేటిరా అన్నాడు. నేను పొంగిపోయి వాడికి పునుగులు కొనిపెట్టాను. పదో తారీఖున గౌతమి మేడమ్ రమ్మంది.

లక్ష్మణమ్మకి చెప్పు, రెండు కాదు నాలుగు చిలకలు గీస్తాను.

నాన్న ఎలా ఉన్నాడు? నేను అడిగానని చెప్పకు. ఊరికే రాయి.

నేల మీద నిలవని
ధన


శృంగవరపుకోట,
8 సెప్టెంబరు 2025

ధనా,

ఊరికే రాయమన్నావు కాబట్టి ఊరికే రాస్తున్నాను. మీ నాన్న బాగానే ఉన్నాడు. ఎవరైనా "మీవోడేడీ?" అంటే "పనిలో ఉన్నాడు" అంటాడు. ఏ పనని ఎవరూ అడగకుండా వెంటనే తూకం మొదలెడతాడు.

కొట్లో సొరుగులు మళ్ళీ పాతచోట్లకి మార్చుకున్నాడు. ఆయన సింహాచలం వెళ్ళిన రెండురోజుల్లో నువ్వు మొత్తం తారుమారు చేశావు కదా, వ్రతం సామాను ఒకవైపు, వంట సామాను ఒకవైపు అని. నువ్వు చేసింది మంచికేనని నాకు తెలుసు. కానీ వచ్చిన పొద్దున్నే కుంకుమ అడిగితే, నలభై ఏళ్ళ అలవాటుతో చూడకుండా చెయ్యి పెట్టి లక్ష్మీనరసింహం మాస్టారి సంచిలో ఆవాలు పోశాడు. అందరూ నవ్వారు. నీమీద అరిచింది అందుకురా. ఆవాల గురించి కాదు, ఆ నవ్వు గురించి.

పదో తారీఖున నీలం చొక్కా వేసుకో. గళ్ళ చొక్కా వద్దు. నీ కాగితాల మీద గళ్ళు చాలు.

అత్త


విజయనగరం,
12 సెప్టెంబరు 2025

అత్తా,

నీలం చొక్కానే వేసుకున్నాను.

గౌతమి మేడమ్ పది కాగితాలూ బల్లమీద పేకముక్కల్లా పరిచింది. "ఎక్కడా ఎవరూ ఆగలేదా?" అంది. "లేదు మేడమ్" అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, కాగితాల మీదకి వంగి చాలాసేపు చూసింది. "ధనరాజ్, ఈ పదిమంది వేళ్ళకీ నడిమధ్యలో ఒకే గాటు ఉందేం?" అంది.

చూశాను. పదింటి మీదా ఏటవాలు తెల్ల గీత. పనసకాయ కోస్తుంటే కత్తిపీటకి తెగిన నీ చూపుడువేలు, అత్తా. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే బడికి వెళ్ళాను. నాకు తెలీదా?

"మా అత్త వేలు" అన్నాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎవరూ తడబడని తెర గీసేవాళ్ళు నాకు అక్కర్లేదు, అలాంటి తెర ఉండదు. జనం ఎక్కడ తడబడ్డారో చూడగలిగేవాడు కావాలి. నాకు తప్పులు తీసుకురా. పదిహేను రోజులు టైమిస్తున్నాను" అంది. మెట్లు దిగుతుంటే మిఠాయి వాసన కూడా చేదుగానే ఉంది.

ఎందుకు చేశావత్తా? రెండురోజులు నీమీద కోపంతో ఉత్తరం రాయలేదు. తర్వాత నా మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. పదిమందీ ఆగకుండా వెళ్తే నా పని బాగున్నట్టని నేనే రాశాను. అది చదివి నువ్వింకేం చేస్తావు?

నీ సొరుగుల కబురు కూడా అదేపనిగా చదివాను. సెల్ షాపులో పాలకొండాయన్ని చూసి అంత మండిపడ్డానా, ఇంట్లో నాన్న చెయ్యి ఏ సొరుగు వైపు వెళ్తాదో ఒక్కరోజు నిలబడి చూశానా? ఆయన్ని ఒక్క మాట అడిగానా? నా గళ్ళు నేను గీసేసుకుని, ఆయన తడబడితే తప్పు ఆయనదే అన్నట్టు నిలబడ్డాను. మీట అక్కడ పెట్టినోణ్ణి నేనే.

అసలు కాగితాలేమయ్యాయి? నిజం చెప్పు. ఏటైనా పర్లేదు.

ధనరాజ్


శృంగవరపుకోట,
16 సెప్టెంబరు 2025

ధనా,

నీ ఉత్తరం కొట్లో విప్పాను. చదువుతుంటే చేతిలో ఉన్న ఏలకుల పొట్లం జారిపోయింది. మీ నాన్న ఏరుతూ "ఏమైంది?" అన్నాడు. ఈసారి మిషను తుడవలేదు. ఉత్తరం ఆయన చేతికే ఇచ్చేశాను. నన్ను తిట్టుకో. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నిజం. నువ్వు పంపినవాటి మీద జనం ఎక్కడెక్కడో వేళ్ళు పెట్టారు. మొదటివాడు గోపి, నువ్వు పేరు కోసం గీసిన గడిలోనే నాలుగుసార్లు నొక్కి "ఇది పన్చేయట్లేదు" అని వెళ్ళిపోయాడు. ఇవన్నీ పంపితే నిన్ను ఫెయిల్ చేస్తారనుకున్నాను. నువ్వు ఇంటర్ మానేసిన రోజు పెరట్లో గోడవైపు తిరిగి కూచున్నావు చూడు, అది గుర్తొచ్చింది. అందుకని అప్పటికింకా ఖాళీగా ఉన్న ఒక కాగితానికి జిరాక్సులు తీయించి, సరైన చోట్ల నేనే వేలు పెట్టాను. బడిలో చిత్తుప్రతి వేరు, మంచిప్రతి వేరు కదా. నీకు మంచిప్రతి పంపాను.

చిత్తువి పారేయలేదు. గల్లా దిండు కింద పెట్టాను. రెండు తగ్గితే గుండెలు బాదుకున్నాను. ఒకటి కర్పూరం పొట్లం అయి త్రిపురసుందరి గారి ఇంటికి వెళ్ళిపోయింది, వెళ్ళి తెచ్చాను. ఆవిడ దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చింది. ఇంకోటి దొరకలేదు. కాబట్టి తొమ్మిది. వాళ్ళు ఏమన్నారో వెనకవైపు రాశాను, ఒక్క అక్షరం మార్చలేదు.

లక్ష్మణమ్మ: "జనరల్ మెడిసినంటే ఏటమ్మా? నాకు మోకాళ్ళు. మోకాళ్ళు ఎక్కడున్నాయో సూపించు, నొక్కుతాను."

ఝాన్సీ: "ఆధార్ నంబరు ఎవరికి నోటికొస్తాది? ఇంటికెళ్ళి తెచ్చేలోపు జొరం తగ్గిపోద్ది."

త్రిపురసుందరి గారు అన్నీ సరిగ్గానే నొక్కి, చివర మీట దగ్గర ఆగిపోయారు. నిర్ధారించు అంటే డబ్బు కట్టాలేమోనని భయపడ్డారట.

ఇంకో మాట. ఈ తొమ్మిదిలో ఒకటి నాది. నా చెవి కోసం చీటీ తీద్దామని కూచున్నాను. ఈఎన్‌టీ అని ఒకటుంది, ఆర్థో అని ఒకటుంది. చెవి ఎందులోనూ కనపడలేదు. ఊరికే మధ్యలో నొక్కాను. నాకే రాలేదని చెప్పడానికి సిగ్గేసిందిరా.

దొరకని కాగితం బదులు, మిగిలిపోయిన ఒక జిరాక్సు మీద నిన్న ఒక ఆసామి చేత చేయించాను. పేరు రాయొద్దన్నాడు. ఆయన అసలు నొక్కనే లేదు, మొదటి గడి మీద వేలు అదిమిపెట్టి తిట్టాడు. ఆ తిట్టు కూడా రాశాను. దాంతో పది.

ఇందులో మంచిప్రతి లేదు.

అత్త


విజయనగరం,
27 సెప్టెంబరు 2025

అత్తా,

కింద కూచుని చదువు. చేతిలో ఏలకులుంటే పక్కన పెట్టు.

ఉద్యోగం వచ్చింది. ఆరో తారీఖున చేరాలి. కాగితం ఇచ్చారు. నా పేరు అచ్చులో చూసి ఇది ఇంకో ధనరాజేమో అనిపించింది.

ఎలాగో చెప్తాను. నువ్వు పంపిన పదీ గోడకి అంటించుకుని రెండురోజులు చూశాను. గదంతా పసుపు వాసన. వెంకీ "పెళ్ళి ఎవరికిరా?" అన్నాడు. గోపి వేలు, లక్ష్మణమ్మ వేలు, నీ వేలు... ఒక్కోటీ నన్ను తిడతన్నట్టే ఉన్నాది. పదో కాగితం తిప్పి చదివాను. "ముందు పేరడిగేవాడు పోలీసోడు. కొట్టోడైతే ముందు ఏటి కావాలో అడుగుతాడు. మనిషి నొప్పితో వచ్చి నిలబడితే ఊరూ పేరూ ఏటి? ఈ గీసినోడెవడో గానీ గల్లా దగ్గర ఒక్కరోజు కూచున్నోడు కాడు."

చదివి నవ్వొచ్చింది. తర్వాత లేచి, గీసినవన్నీ చింపేశాను.

కొత్తదాంట్లో మొదటి తెరమీద ఏ మాటా లేదు. ఒక మనిషి బొమ్మ ఉన్నాది, అంతే. ఎక్కడ నొప్పో అక్కడ వేలు పెట్టాలి. మోకాలికి మోకాలు, చెవికి చెవి. పేరు చివర అడుగుతాది, ఆధార్ అసలే అడగదు. చివర మీట మీద "చీటీ ఇవ్వండి, డబ్బు అక్కర్లేదు" అని రాశాను. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం కూచున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. పదిమందిలో ముగ్గురు మళ్ళీ ఆగారు. ఒకామెకి జ్వరం, బొమ్మలో జ్వరం ఎక్కడ ఉంటాదో తెలీక మనిషంతా తడిమింది. ఆ కాగితాన్ని అన్నిటికంటే పైన పెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

మేడమ్ నీ పాత కాగితాలు, నా కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒక్కోటీ చదివి నవ్వింది. పోలీసోడి మాట దగ్గర ఇంకో గదిలోవాళ్ళని కూడా పిలిచి చదివి వినిపించింది. "ఎవరీ పదో ఆసామి? ఈయన్ని మనం ఉద్యోగంలోకి తీసుకోవాల్సింది" అంది. "మా కొట్టుకి వచ్చే ఆయనెవరో మేడమ్" అన్నాను. అప్పటికి నాకూ తెలీదు.

మెట్లు దిగుతూ కాగితాన్ని ఎండలోకి పట్టుకున్నాను. మిగతా అందరూ చూపుడువేలు పెట్టారు. పదో ఆసామి బొటనవేలు పెట్టాడు. ఆ ముద్ర మధ్యలో అడ్డంగా ఒక గాడి ఉన్నాది, సన్నగా, లోతుగా. పొట్లం కట్టి పురికొసని బొటనవేలి మీద చుట్టి తెంపితే, నలభై ఏళ్ళు అలాగే తెంపితే పడే గాడి. నాకు తెలిసి అలాంటి బొటనవేలు ఈ జిల్లాలో ఒక్కటే ఉన్నాది.

అక్కడే మెట్ల మీద కూచుండిపోయాను. మిఠాయి షాపాయన జాలిపడి ఒక జిలేబీ ఇచ్చాడు, ఉద్యోగం రాలేదనుకున్నాడు.

చేరే ముందు ఆదివారం వస్తన్నాను. గుమ్మం ఎక్కడానికి కాగితం ఉన్నాదిప్పుడు. సొరుగుల జోలికి వెళ్ళను. పొద్దుటినుంచి సాయంత్రందాకా గల్లా పక్కన స్టూలేసుకుని కూచుని, ఆయన చెయ్యి ఎటు వెళ్తాదో చూస్తాను, అంతే. ఆయనకి చెప్పు.

కాదు, చెప్పకు. ఉత్తరం ఆయన చేతికే ఇచ్చెయ్.

నీ మేనల్లుడు, కొత్త ఉద్యోగస్తుడు,
ధనరాజ్


శృంగవరపుకోట,
1 అక్టోబరు 2025

ఒరే ఉద్యోగస్తుడా,

ఇచ్చేశాను. నిలబడి చదివాడు. ఆ పోలీసోడి మాట దగ్గర ఆగి "ఇంత కటువుగా అన్నానా?" అని నన్నడిగాడు. ఇంకా కటువుగా అన్నావు, సగమే రాశాను అన్నాను. తర్వాత తన బొటనవేలు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. నలభై ఏళ్ళలో ఆ గాడి ఉన్నట్టు ఆయనకే తెలీదట.

లక్ష్మణమ్మకి శుభవార్త చెప్పాను. చిలకలెప్పుడని అడిగింది. నువ్వు తప్పించుకోలేవు.

నా చెవికి కూడా చీటీ తియ్యి, నీ బొమ్మ మీద నేనే నొక్కుతాను. ఈసారి తప్పు నొక్కితే అలాగే ఒప్పుకుంటాను.

నువ్వు ఆదివారం వస్తున్నావని అప్పుడే మీ నాన్న గోడవార స్టూలు తెచ్చి గల్లా పక్కన వేశాడు. ఒక కాలు ఎగుడుదిగుడుగా ఉంటే కింద అట్టముక్క మడిచి పెట్టాడు. కూచుని చూశాడు, లేచాడు, కాస్త కుడికి జరిపాడు. "ఇక్కణ్ణుంచి సొరుగులన్నీ కనపడతాయా?" అని నన్ను కూచోబెట్టి అడిగాడు. కనపడతాయన్నాను. నమ్మలేదు. అవతల కారంపొడి కొనడానికి వచ్చిన ఝాన్సీని కూడా కూచోబెట్టి అడిగాడు.

ఎదురుచూస్తూ,
అత్త